ముందు గాలి, ఆ తరవాతే రైఫిలు

గాలి ఒత్తిడికి ఒక లెక్క ఉంటుందని ఖరగ్‌పూర్ నిమ్‌పురాలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో కార్ఖానా పెట్టిన కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వెళ్ళి అక్కడే పాతుకుపోయిన తెలుగు కుటుంబాలు తరాల తరబడి యార్డులోనూ, వ్యాగన్ల కిందా పనిచేశాయి. చదరపు సెంటీమీటరుకి బ్రేకు పైపులో 5 కిలోలు, ఫీడు పైపులో 6 కిలోలు అన్నది ఆ పని తెలిసినవాళ్ళు నిద్రలో లేపి అడిగినా చెప్పే సంగతి. అలాంటి ఇంట్లో పిల్ల పీసీపీ రైఫిలు కావాలని అడిగిందనుకోండి. పీసీపీ అంటే ముందే బాగా ఒత్తి నింపి పెట్టుకున్న గాలిని గుండుకింత చొప్పున వదిలే రైఫిలు. దాని సిలిండరులో ఉండేది 200 బార్, అంటే బ్రేకు పైపుకి దాదాపు నలభై రెట్లు. ఎయిర్ బ్రేకు ఫిట్టరుగా రిటైరైన మేనమామ వద్దంటాడు, పది మీటర్ల పోటీకి తయారవుదామనుకునే మేనకోడలు కావాలంటుంది. ఇద్దరూ నేను కల్పించిన మనుషులే. వాళ్ళ మధ్య తగువు మాత్రం ఈ రైఫిలు కొనే ప్రతి ఇంట్లోనూ రావలసినది, చాలా ఇళ్ళలో డబ్బు కట్టాక గానీ రానిది. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను: పనిముట్టు విషయంలో పిల్ల మాట నిజం, ఏది ముందు ఏది తరవాత అన్న విషయంలో మామ మాట నిజం.

మావయ్య: స్ప్రింగు గన్ను ఉండగా ఇదెందుకమ్మా? బారెలు వంచితే స్ప్రింగు బిగుస్తుంది, ట్రిగ్గరు నొక్కితే పిస్టను ముందుకి దూకి తనకి కావలసిన గాలిని తనే నొక్కుకుంటుంది. సిలిండరు లేదు, గేజి లేదు, పంపు లేదు. నువ్వడిగేది కొత్త యంత్రమని కూడా అనుకోకు. 1780లోనే ఆస్ట్రియా సైన్యం జిరార్డోని అనే గాలి రైఫిలు తీసుకుంది. ఇరవై గుళ్ళు వరసగా పేల్చేది, పొగ లేదు, పెద్ద చప్పుడు లేదు. తుపాకీమందు పోసి ఒక్కొక్క గుండే కూరుకునే రోజుల్లో అది అద్భుతమే. అయినా 1815 నాటికి పక్కన పెట్టేశారు. తుపాకీ చెడ్డదై కాదు. ఒక్క గాలి సీసా నింపడానికి దాదాపు 1,500 సార్లు పంపు కొట్టాలి, తోలు వాషర్లు ఎండితే కారుతుంది, సీసాలు చెయ్యడమే కష్టం, బాగుచెయ్యడానికి ప్రత్యేకంగా పని నేర్చినవాళ్ళు వెంట ఉండాలి. గురి చూసేవాడు ఒక్కడు, వాడి వెనక గాలి మోసేవాళ్ళు నలుగురు. ఆ నలుగురినీ నువ్వు నిమ్‌పురాలో ఎక్కడినుంచి తెస్తావు?

మేనకోడలు: ఆ నలుగురి సంగతికి వస్తాను మావయ్యా, ముందు స్ప్రింగు గన్ను సంగతి చూడండి. దానికి బలం తక్కువని నేననను, లోపమంతా కుదుపులో ఉంది. పిస్టను ముందుకి దూకుతుంటే తుపాకీ వెనక్కి తంతుంది, పిస్టను కొసకి వెళ్ళి ఆగేసరికి ముందుకి ఊగుతుంది. పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే ఈ రెండూ జరుగుతాయి. ఆ కుదుపు తగ్గించడానికే జర్మనీలో ఫైన్‌వెర్క్‌బౌ వాళ్ళు 300 మోడల్‌లో పైభాగమంతా చిన్న పట్టాల మీద వెనక్కి జారేలా పెట్టారు. స్ప్రింగుతో ప్రపంచస్థాయి పోటీలు గెలిచారంటే ఇలాంటి తుపాకులతో గెలిచారు, బజారులో దొరికే బ్రేక్ బారెలుతో కాదు. పది మీటర్ల రైఫిలు లక్ష్యంలో పది మార్కుల చుక్క అడ్డకొలత అర మిల్లీమీటరు, పెల్లెట్ దానికి తొమ్మిది రెట్లు లావు. మార్కుల్లో ఒక దశాంశం అంటే పావు మిల్లీమీటరు. పోటీ రైఫిలు అర గ్రాము పైచిలుకు పెల్లెట్‌ని సెకనుకి 172 మీటర్ల చొప్పున పంపుతుందనుకుందాం. పది మీటర్లు దాటేలోపు అది దాదాపు 17 మిల్లీమీటర్లు కిందకి జారుతుంది. వేగం ఒక మీటరు అటూ ఇటూ అయితే దెబ్బ 0.2 మిల్లీమీటరు పైకో కిందకో పోతుంది, అయిదు మీటర్లయితే ఒక మిల్లీమీటరు, అంటే నాలుగు దశాంశాలు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్‌కి 701.1 వచ్చి కంచు దొరికింది. వెండి తీసుకున్న ఇటలీ అతనికి 701.5. తేడా సరిగ్గా ఆ నాలుగు దశాంశాలే.

మావయ్య: లెక్క బాగుంది, ఒప్పుకున్నాను. కానీ స్ప్రింగుకీ పీసీపీకీ మధ్య ఇంకొకటుంది, దాన్ని దాటేశావు. సింగిల్ స్ట్రోక్. ఒక్కసారి లివరు లాగితే ఒక్క గుండుకి సరిపడా గాలి నొక్కుకుంటుంది, నిలవ ఉండదు. ప్రతిసారీ అంతే గాలి, కాబట్టి అంతే వేగం, కుదుపూ లేదు. 1984లో లాస్ ఏంజెలెస్‌లో పది మీటర్ల రైఫిలు మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చిన కాలానికి అలాంటివి వచ్చేశాయి. నీకు కావలసిన నిలకడ అందులో ఉంది, నాకు అక్కర్లేని 200 బార్ అందులో లేదు.

మేనకోడలు: ఈ మాట కొట్టిపారెయ్యలేను. ఇంట్లో సాధనకి సింగిల్ స్ట్రోక్ ఇప్పటికీ మంచిదే. కానీ 60 గుళ్ళ పోటీకి 75 నిమిషాలు ఇస్తారు. దానికి ముందు సైటర్లు, అంటే లెక్కలోకి రాని గుళ్ళు, ఎన్ని కొట్టుకున్నా కొట్టుకోవచ్చు. ప్రతి గుండుకీ బరువైన లివరు లాగితే ప్రతిసారీ భుజం కదులుతుంది, చెంప కట్టె మీంచి లేస్తుంది, అరవయ్యోసారి లాగిన చెయ్యి మొదటిసారి లాగిన చెయ్యి కాదు. అందులోనూ ఇప్పుడు మనకి దొరికేవి పాత తుపాకులు, సీళ్ళు అరిగినవి. పీసీపీలో వేలితో బోల్టు తీసి పెల్లెట్ పెడితే చాలు.

ఇక్కడ నా మాట ఒకటి. సింగిల్ స్ట్రోక్ గురించి మామ వాదన పిల్ల ఒప్పుకున్నదానికన్నా బలమైనది. నేర్చుకునే మొదటి ఏడాది అంతా గాలి సరఫరా గొడవ లేని తుపాకీతో నిలబడడం, ఊపిరి, ట్రిగ్గరు నేర్చుకుంటే పోయేదేమీ లేదు. పీసీపీ ఆ మూడింటిలో ఏదీ నేర్పదు. షూటరు చెయ్యి కుదిరాక తుపాకీ వల్ల వచ్చే తేడా తగ్గించడం దాని పని. ఇది చెప్పకుండా అమ్మేవాళ్ళు ఎక్కువ, అడక్కుండా కొనేవాళ్ళు ఇంకా ఎక్కువ.

మావయ్య: ఇప్పుడు నిలకడ అంటున్నావు. తెచ్చిన నెలకల్లా ఎవడో ఒకడు వచ్చి ఈ స్క్రూ తిప్పితే పవరు పెరుగుతుందంటాడు. ట్యూనింగ్ అంటే జనానికి తెలిసింది అదే. 2016 ఆయుధాల నియమాల ప్రకారం పెల్లెట్ బలం 20 జౌళ్ళు దాటినా, గొట్టం లోపలి రంధ్రం 4.5 మిల్లీమీటర్ల కంటే పెద్దదైనా లైసెన్సు కావాలి. స్క్రూ తిప్పేవాడికి ఆ గీత ఎక్కడ దాటాడో కూడా తెలీదు. ఆ పైన యార్డు పక్క చెట్ల మీద పావురాలు కనిపిస్తాయి, చెయ్యి ఊరుకోదు. వన్యప్రాణి చట్టం 1972 నుంచి ఉంది, గాలి తుపాకీ కదా అని అది వదిలిపెట్టదు.

మేనకోడలు: మీరన్న స్క్రూ హామర్ స్ప్రింగుది. ఆ భయం సరైనదే, కానీ ట్యూనింగ్ అంటే అది కాదు. పోటీ రైఫిలు పెల్లెట్ బలం ఎనిమిది జౌళ్ళకి లోపే. అదే పెల్లెట్‌తో 20 జౌళ్ళు రావాలంటే వేగం 275 మీటర్ల దాకా పోవాలి. పది మీటర్ల దూరానికి అది దేనికీ పనికిరాదు, గాలి దండగ, చప్పుడు దండగ. అసలు పని ఎలా జరుగుతుందో చూడండి. సిలిండరులో ఒత్తిడే వాల్వుని మూసి పట్టుకుంటుంది, హామర్ వచ్చి కొట్టి తెరుస్తుంది. రెగ్యులేటరు లేని తుపాకీని అతిగా నింపితే ఆ ఒత్తిడి మీద హామర్ దెబ్బ చాలదు, వాల్వు సగమే తెరుచుకుంటుంది, మొదటి గుళ్ళు నెమ్మదిగా పోతాయి. ఒత్తిడి తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది, ఒక చోట కొన్ని గుళ్ళసేపు నిలకడగా ఉంటుంది, ఆ తరవాత పడిపోతుంది. మనకి కావలసింది మధ్యలో ఆ కొన్ని గుళ్ళు. వేగం కొలిచే క్రోనోగ్రాఫు పెట్టి, ప్రతి గుండు వేగమూ, గేజి చూపించే అంకె పక్కపక్కన రాసుకుంటే ఏ ఒత్తిడి నుంచి ఏ ఒత్తిడి దాకా ఆ నిలకడ ఉందో కాగితం మీద కనిపిస్తుంది. ఇక అక్కడిదాకానే నింపడం. గేజి మీద 200 దాకా గీతలున్నాయని 200 దాకా నింపి తీరాలని లేదు. రెగ్యులేటరున్న తుపాకీలో ఆ మిట్టపల్లాలు ఉండవు. సిలిండరులో 200 ఉన్నా 100 ఉన్నా వాల్వు దగ్గరికి వెళ్ళేది ఒకటే ఒత్తిడి. ఇంజన్ మెయిన్ రిజర్వాయరులో 8 నుంచి 10 కిలోలుంటే బ్రేకు పైపుకి 5 కిలోలే పంపే ఏ-9 వాల్వు చేసే పనే కదా ఇది.

మావయ్య: ఏ-9 పేరు ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. అలాంటి వాల్వు సీటు మీద చిన్న రజను పడితే చాలు, ఆగాల్సిన చోట గాలి ఆగదు. గేజి మెల్లగా పాకుతుంది.

మేనకోడలు: రెగ్యులేటరుకీ ఆ జబ్బే ఉంది, పేరు కూడా పాకడమనే. రాత్రంతా పక్కన పెట్టిన రైఫిలు పొద్దున మొదటి గుండు ఒక్కటే వేరే చోట కొడుతుంది, రెండోది మామూలు చోట పడుతుంది. అలా రోజూ జరుగుతుంటే చెయ్యి వణికిందని కాదు, రెగ్యులేటరు సీటు చెడిందని. ఇక హామర్ స్ప్రింగు. క్రోనోగ్రాఫు ముందు పెట్టి స్క్రూ బిగిస్తూ పోతే వేగం పెరిగి పెరిగి ఒక చోట ఆగిపోతుంది. అక్కడినుంచి ఎంత బిగించినా పెల్లెట్ గొట్టం దాటి వెళ్ళిపోయాక కూడా వాల్వు తెరిచే ఉంటుంది, గాలి వెనక నుంచి ఊరికే పోతుంది. ఆ ఆగిన చోటు నుంచి వేగం వందకి నాలుగైదు వంతులు తగ్గేదాకా వెనక్కి తిప్పితే గాలి మిగులుతుంది, గుండుకీ గుండుకీ తేడా కూడా తగ్గుతుంది. పవరు పెంచడానికి తిప్పేవాడూ, నేనూ తిప్పేది ఒకే స్క్రూ. వాడు ఆగని చోట నేను ఆగుతాను.

ట్యూనింగ్ విషయంలో పిల్ల చెప్పిందానికి నేను కలిపేది కొంచెమే. ఒకసారి ఒక్క స్క్రూనే ముట్టుకోవాలి, ముట్టుకునే ముందు అది ఎక్కడుందో రాసుకోవాలి. అన్నిటికన్నా ముందు పెల్లెట్ మార్చి చూడాలి. కాగితం మీద పోటీకి మొన చదునుగా ఉన్న పెల్లెట్లే వాడతారు, అవి తల కొలతల్లో 4.49, 4.50, 4.51 అంటూ విడివిడిగా దొరుకుతాయి. ఒక గొట్టానికి నచ్చింది ఇంకో గొట్టానికి నచ్చదు. డబ్బా మార్చితే కుదిరే గురిని స్క్రూడ్రైవరుతో వెతికి పాడుచేసుకున్న తుపాకులకి లెక్కలేదు. అసలు తగువు మాత్రం ట్యూనింగ్ దగ్గర లేదు, నింపడం దగ్గరుంది.

మావయ్య: సరే, గాలి ఎక్కడిది? టైర్ల షాపు కంప్రెసరు 8, 10 కిలోల దగ్గర ఆగిపోతుంది, నీ సిలిండరుకి అది మూలకి కూడా రాదు. అప్పుడెవడో తెలివైనవాడు గ్యాసు కటింగు చేసే చోటికి తీసుకెళ్ళి, అదిగో నల్ల సిలిండరులో 150 బార్ ఉంది, పట్టించుకో అంటాడు. అది ఆక్సిజన్. ఒత్తిన ఆక్సిజన్‌కి నూనె చుక్క తగిలితే నిప్పు అక్కర్లేదు, దానంతటదే అంటుకుంటుంది. తుపాకీ లోపల గ్రీజు ఎక్కడో ఒక చోట ఉండనే ఉంటుంది. నలభై ఏళ్ళ అనుభవమున్న వెల్డరుకి కూడా ఆక్సిజన్ రెగ్యులేటరు నూనె చేత్తో ముట్టుకోవద్దని బోర్డు రాసిపెడతారు, ఎందుకనుకున్నావు? ఇంక మిగిలింది చేతిపంపు. 200 సీసీ సిలిండరుని 100 నుంచి 200 బార్‌కి తేవాలంటే బయటి గాలి 20 లీటర్లు లోపలికి పోవాలి. తోపుకి పావు లీటరు పోతుందనుకున్నా 80 తోపులు, చివరి ఇరవై ఒళ్ళంతా వేసి తొయ్యాలి. అది కష్టం, అంతే, ప్రమాదం కాదు. ప్రమాదం నీళ్ళు. మన ఖరగ్‌పూర్‌లో జులైలో 30 డిగ్రీలు, తేమ నూటికి 80. ఆ గాలి ఘనమీటరులో 24 గ్రాముల నీళ్ళుంటాయి, నీ 20 లీటర్లలో అర గ్రాము. 200 రెట్లు నొక్కేసరికి ఆ నీళ్ళు ఆవిరిగా ఉండలేవు, చుక్కలు కడతాయి. ఒక్కసారి నింపితే పది చుక్కలు. పంపులోనే కొన్ని ఆగినా మిగతావి వాల్వు మీద, రెగ్యులేటరు సీటు మీద, సిలిండరు లోపలి గోడ మీద. ఇందాక నువ్వు చెప్పిన పాకుడు జబ్బుకి ఇదీ ఒక కారణమే.

మేనకోడలు: ఆ మాట అనేవాళ్ళే రోజూ రిజర్వాయరు డ్రెయిన్ కాక్ తిప్పి నీళ్ళు వదిలేవాళ్ళు. ఇంజన్‌కి ఎయిర్ డ్రయరు పెట్టారే గానీ గాలిలో తేమ ఉందని ఎయిర్ బ్రేకు మానేసి వాక్యూమ్‌కి వెనక్కి పోలేదు. పంపుకీ అదే పద్ధతి. గాలి పీల్చుకునే చోట సిలికా జెల్ గొట్టం, నలభై తోపులకొకసారి ఆపి కింద బ్లీడు స్క్రూ తిప్పి నీళ్ళు వదలడం, పంపు చల్లారనివ్వడం. కాలం కూడా కలిసొస్తుంది. డిసెంబరులో 20 డిగ్రీలు, తేమ సగం ఉన్న రోజు అదే 20 లీటర్లలో నీళ్ళు మూడో వంతుకి పడిపోతాయి. ఓ-రింగులకి సిలికోన్ గ్రీజు తప్ప మిషను నూనె ముట్టించను. ఇక పంపు వద్దంటే పెద్ద సిలిండరు. పది లీటర్ల డైవింగు సిలిండరు 200 బార్‌తో ఉందనుకోండి, 100 దగ్గరున్న నా 200 సీసీని దానికి తగిలిస్తే రెండూ 198 దగ్గర సమానమవుతాయి. పది సార్లు నింపేసరికి పెద్దది 182కి దిగుతుంది. నా నిలకడ 180 లోపే ఉందని క్రోనోగ్రాఫు చెబితే ఆ పదీ నాకు నిండు నింపులే.

మావయ్య: 200 కాకుండా 300 బార్ సిలిండరు తెస్తారు చూడు, అప్పుడు నా మాట గుర్తొస్తుంది. 200కి చేసిన దానిలోకి 300 నుంచి వదిలేటప్పుడు వాల్వు వెంట్రుకవాసి తెరిచి గేజి మీంచి కన్ను తీయకూడదు. గబుక్కున తెరిస్తే వేడెక్కి గేజి అబద్ధం చెబుతుంది, చల్లారాక తక్కువ చూపిస్తుంది, మళ్ళీ పడతావు. ఆ చిన్న సిలిండరులో నొక్కి ఉన్న శక్తి ఎంతనుకున్నావు? ఒక్కసారిగా విడిపోతే దాదాపు 8,000 జౌళ్ళు, నీ పెల్లెట్లు వెయ్యింటికి సమానం. నువ్వన్న పది లీటర్ల సిలిండరులో దానికి యాభై రెట్లు. పెద్దదానికైనా చట్టం ఉంది. 500 మిల్లీలీటర్లు దాటిన సిలిండరు 2016 గ్యాస్ సిలిండర్ల నియమాల కిందకి వస్తుంది, గడువుకి నీటి ఒత్తిడి పరీక్ష చేయించి ముద్ర వేయించాలి. నీ రైఫిలుది ఆ కొలతకి లోపు. దాన్ని పట్టించుకునే ఇన్‌స్పెక్టరు ఎవరూ లేరు, నువ్వే పట్టించుకోవాలి.

మేనకోడలు: ఆటలో పట్టించుకుంటారు. సిలిండరు మీద తయారీదారు వేసిన గడువు దాటకూడదు, ఎంత ఎక్కువైనా పదేళ్ళు. ఆ బాధ్యత షూటరుదేనని అంతర్జాతీయ నియమాల్లోనే రాసుంది. అందుకే ఎంచుకోవడం నేను గాలి నుంచే మొదలుపెడతాను. ఒక్కదాన్నే అయితే పంపు, సిలికా జెల్. నలుగురైదుగురం కలిస్తే ఫిల్టర్లున్న ఒక కంప్రెసరు, దాని లాగ్‌బుక్. మీరడిగిన ఆ నలుగురూ వీళ్ళే. అది తేలాకే రైఫిలు. రెగ్యులేటరు ఉండాలి, సిలిండరు విప్పి మార్చుకునేది కావాలి, గేజి కనబడాలి, ఓ-రింగులు కలకత్తాలోనైనా దొరకాలి. చెంప కట్టె, భుజం పట్టీ నా ఒంటికి సర్దుకోవాలి, అంతా కలిపి 5.5 కిలోలు దాటకూడదు. మహారాష్ట్రలో ప్రెసిహోల్ లాంటి కంపెనీలు ఇక్కడే ఎయిర్ రైఫిళ్ళు చేస్తున్నాయి, విడిభాగం కోసం జర్మనీ వైపు చూడనక్కర్లేని తుపాకీ మొదటి రైఫిలుగా ఎక్కువ పనికొస్తుంది. లేదా పోటీలు మానేసినవాళ్ళు అమ్మే పాత వాల్తర్, ఫైన్‌వెర్క్‌బౌ.

పాత తుపాకీ అనేసరికి మామకి మళ్ళీ పట్టు దొరుకుతుంది, దొరకాలి కూడా. ఈ బేరాల్లో ధర తక్కువగా కనిపించడానికి మామూలు కారణం గొట్టం అరగడం కాదు. తక్కువ వేగంతో పోయే మెత్తటి సీసం ఉక్కు గొట్టాన్ని అంత తొందరగా అరగదియ్యదు. కారణం చాలాసార్లు సిలిండరు గడువు తీరిపోయి ఉండడమే. పోటీకి కొత్త సిలిండరు కావాలి, అది విదేశం నుంచి రావాలి, ఆ మోడల్‌కే సరిపోయే మరచుట్లతో. అమ్మేవాడు ఫోటోలో కట్టె నునుపూ, సైట్లూ చూపిస్తాడు గానీ సిలిండరు మీద చెక్కిన నెల, సంవత్సరం చూపించడు.

మావయ్య: పాతదే కొందాం, నాకు అభ్యంతరం లేదు. కానీ డబ్బు పంపే ముందు సిలిండరు మీద తారీఖు ఫోటో తీసి పంపమను. అది చదివాకే ధర మాట్లాడదాం.

మేనకోడలు: తారీఖు దాటిపోయి ఉంటే?

మావయ్య: కొత్త సిలిండరు ధర అందులోంచి తీసెయ్యమను. తియ్యనంటే ఆ సింగిల్ స్ట్రోక్ ఎక్కడుందో వెతుకు.